రఫ్ పుస్తకంలో గురుత్వ తరంగం

ఈ నోట్‌బుక్ గీసే మొదటి గ్రాఫులో చూడ్డానికి ఏమీ ఉండదు. ఎర్ర గీత ఒకటి, ఆకుపచ్చ గీత ఒకటి. రెండూ ఒకదానికొకటి ఎడంగా, తమ దారిన తాము వంకరలు తిరుగుతూ పోతుంటాయి. ఆ గ్రాఫు నడుమ, సున్నా అని గుర్తున్న చోట, మనిషి నేరుగా పట్టుకున్న మొట్టమొదటి గురుత్వ తరంగం ఉంది. అక్కడే ఉందని తెలిసి, కళ్లు చికిలించి వెతికినా కనిపించదు. రాసినవాళ్లే గ్రాఫు కింద ఆ మాట ఒప్పుకుంటారు. డేటా నిండా తక్కువ పౌనఃపున్యాల రొదే ఉందనీ, దాన్ని శుద్ధి చేయకుండా సంకేతం కనబడే దారి లేదనీ వివరిస్తారు.

ఇంత పెద్ద విజయాన్ని చెప్పుకోవడం ఇలా మొదలుపెట్టిన వాళ్లను నేను మరెక్కడా చూడలేదు. బంగారం దొరికినవాడు ముందు బంగారం చూపిస్తాడు. వీళ్లు ముందు మట్టి తట్ట మన ముందు దించారు, పక్కనే జల్లెడ పెట్టారు, జల్లించడం మన చేతికే వదిలేశారు. ఆ తట్ట, ఆ జల్లెడ, వాటిని పేర్చిన తీరు గురించే ఈ వ్యాసం.

ముందు సంగతి క్లుప్తంగా. 2015 సెప్టెంబరు 14న, అంతర్జాతీయ కాలమానం ప్రకారం ఉదయం 9 గంటల 50 నిమిషాల 45 సెకన్లకు, అమెరికాలోని రెండు లైగో పరిశోధనశాలలను ఒక తరంగం దాటిపోయింది. ఒకటి వాషింగ్టన్ రాష్ట్రంలోని హాన్‌ఫర్డ్‌లో, రెండోది లూయిజియానాలోని లివింగ్‌స్టన్‌లో ఉంది. రెంటి మధ్య దూరం దాదాపు 3,000 కిలోమీటర్లు. ఆ తరంగం బయలుదేరింది సుమారు 130 కోట్ల కాంతి సంవత్సరాల అవతల. అక్కడ సూర్యుడికి 36 రెట్లు, 29 రెట్లు ద్రవ్యరాశి ఉన్న రెండు కృష్ణబిలాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి తిరిగి కలిసిపోయాయి. కలిశాక మిగిలింది 62 సూర్యుల ద్రవ్యరాశి. లెక్కలో తగ్గిన ఆ మూడు సూర్యులూ గురుత్వ తరంగాలుగా మారి విశ్వంలోకి వెళ్లిపోయాయి. లైగో బృందం ఈ సంగతి 2016 ఫిబ్రవరి 11న లోకానికి చెప్పింది. మరుసటి ఏడు నోబెల్ బహుమతి రైనర్ వైస్, బ్యారీ బ్యారిష్, కిప్ థోర్న్‌లకు వచ్చింది.

ఇదంతా పేపర్లలో చదివిన సంగతే. అంతగా ప్రచారం కాని సంగతి ఇంకొకటి ఉంది. ప్రకటనతో పాటే లైగో వారి ఓపెన్ సైన్స్ సెంటర్ ఆ క్షణం చుట్టూ రెండు పరికరాలూ నమోదు చేసిన అంకెలను అందరికీ విడుదల చేసింది. వాటితో పాటు ఒక జూపిటర్ నోట్‌బుక్ కూడా పెట్టింది. ఆ అంకెల్లోంచి తరంగాన్ని ఎలా బయటికి తీయాలో మెట్టు మెట్టుగా చేసి చూపే పాఠం అది. దాని పేరు సాదాసీదాగా ఉంటుంది: జీడబ్ల్యూ150914 బహిరంగ డేటాతో సిగ్నల్ ప్రాసెసింగ్. జీడబ్ల్యూ150914 అన్నది ఆ తరంగానికి పెట్టిన పేరే.

బళ్లో మాకు లెక్కలకు రెండు పుస్తకాలుండేవి. ఫెయిర్ పుస్తకానికి అట్ట, లేబుల్, గీసిన మార్జిన్. రఫ్ పుస్తకానికి అవేమీ ఉండవు, కొట్టివేతలే ఎక్కువ. కానీ లెక్క నిజంగా జరిగేది రఫ్‌లో. మా మాస్టారు జవాబు ఒక్కటే చూసి వదిలేవారు కాదు. "స్టెప్సేవిరా?" అనేవారు. జవాబు తప్పినా స్టెప్స్ సరిగ్గా ఉంటే కొన్ని మార్కులు పడేవి. జవాబు ఒప్పే అయినా స్టెప్స్ లేకపోతే పక్కవాడి కాగితం వైపు అనుమానంగా చూసేవారు.

పత్రికల్లో అచ్చయ్యే పరిశోధన పత్రం ఫెయిర్ పుస్తకం లాంటిది. అందులో ఫలితం ఉంటుంది, పద్ధతి నాలుగు పేరాల్లో ఉంటుంది, అందమైన బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మ గీయడానికి రాసిన వందల లైన్ల కోడ్, ఎంచుకున్న అంకెలు, వదిలేసిన దారులు అందులో పట్టవు. శతాబ్దాలుగా శాస్త్రం అలాగే నడిచింది, ఎందుకంటే లెక్కంతా కాగితం మీద చేత్తో వేసేంతే ఉండేది. ఇప్పుడు లెక్క చేసేది కంప్యూటరు. స్టెప్స్ అన్నీ కోడ్‌లో ఉన్నాయి. కోడ్ కనబడకపోతే మాస్టారు అడిగిన ప్రశ్నకు జవాబు లేనట్టే.

కోడ్ నోట్‌బుక్ ఆ రెండు పుస్తకాలనూ ఒక్కటిగా కుట్టేస్తుంది. తెర మీద అది పొడవాటి పేజీలా ఉంటుంది. పేజీ నిండా సెల్స్ అనే గడులు. కొన్నింటిలో మామూలు వాక్యాలు, సమీకరణాలు, కొన్నింటిలో కోడ్. కోడ్ ఉన్న గడి మీద షిఫ్ట్, ఎంటర్ కలిపి నొక్కితే ఆ ముక్క నడుస్తుంది, ఫలితం సరిగ్గా దాని కిందే వస్తుంది. అంకె అయితే అంకె, గ్రాఫు అయితే గ్రాఫు. మాట, లెక్క, బొమ్మ ఒకే వరుసలో ఉంటాయి. ఇదంతా ఒకే ఫైలు. వేరొకరికి పంపితే వాళ్ల దగ్గరా అదే వరుసలో తెరుచుకుంటుంది. ఫలితాలు ఫైల్లోనే భద్రంగా ఉంటాయి కాబట్టి, కోడ్ నడపడం రాని పాఠకుడు కూడా వ్యాసంలా చదువుకోవచ్చు.

లైగో నోట్‌బుక్‌ను ఇప్పుడు దగ్గరగా చూద్దాం.

మొదట కావలసిన సామగ్రి. నంపై, సైపై, మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే ఉచిత పైథాన్ పనిముట్లు, డేటా ఫైళ్లను చదివే చిన్న ప్రోగ్రాము ఒకటి, హాన్‌ఫర్డ్‌కు ఒకటి, లివింగ్‌స్టన్‌కు ఒకటి చొప్పున డేటా ఫైళ్లు, ఐన్‌స్టీన్ సమీకరణాలను సూపర్ కంప్యూటర్ మీద సాధించి రాబట్టిన తరంగ రూపం ఉన్న ఇంకో ఫైలు. ఇంతే. ఒక్కో డేటా ఫైల్లో 32 సెకన్ల కొలతలున్నాయి, సెకనుకు 4,096 చొప్పున. గుణిస్తే 1,31,072 అంకెలు. సంఘటన జరిగిన క్షణం దాదాపు నడిమికి వచ్చేలా, మొదలు నుంచి 16 సెకన్లు దాటాక పడేలా కత్తిరించారు. ఈ కత్తిరింపు ఎందుకంత ముఖ్యమో కొంచెం ఆగి చెబుతాను.

ఒక్కో అంకె పేరు స్ట్రెయిన్. పరికరానికి ఉన్న 4 కిలోమీటర్ల చేతులు ఎంత సాగాయి, ఎంత కుంచించుకున్నాయి అనే నిష్పత్తి. తరంగం ఉచ్చస్థితిలో ఉన్నప్పుడు ఆ నిష్పత్తి, ఒకటిని ఒకటి పక్కన ఇరవై ఒక్క సున్నాలున్న సంఖ్యతో భాగించినంత. 4 కిలోమీటర్ల మీద లెక్క కడితే అది ప్రోటాన్ వ్యాసంలో వందో వంతు కూడా కాదు. మొదటి గ్రాఫులో లివింగ్‌స్టన్ గీత సున్నా నుంచి ఎంత కిందికి జారి ఉందో కొలిస్తే, ఆ జారుడే తరంగం ఎత్తుకు దాదాపు 2,000 రెట్లు. కళ్లు చికిలించినా కనబడకపోవడంలో వింతేముంది!

రెండో మెట్టు: రొదను కొలవడం. ఏ పౌనఃపున్యం దగ్గర ఎంత రొద ఉందో గ్రాఫు గీస్తారు. 32 సెకన్ల డేటాను సెకను సెకను ముక్కలుగా తీసుకుని, ఒక్కో ముక్క వర్ణపటం కట్టి, సగటు తీస్తారు. వచ్చే బొమ్మ లోయలా ఉంటుంది. ఎడమ పక్క, తక్కువ పౌనఃపున్యాల దగ్గర, నిట్టనిలువు గోడ. నడుమ నేల దిగుతుంది. ఆ నేల మీంచి అక్కడక్కడా సన్నటి స్తంభాలు పైకి లేచి ఉంటాయి. 60 హెర్ట్జ్ దగ్గరున్న స్తంభం అమెరికా కరెంటు తీగల హోరు. 500 హెర్ట్జ్ ప్రాంతంలోనివి అద్దాలను వేలాడదీసిన సన్నటి తీగల కంపనాలు. వయొలిన్ తీగల్లా మోగుతాయి కాబట్టి వయొలిన్ మోడ్‌లనే పేరు. 35 హెర్ట్జ్ దగ్గర కొన్ని శాస్త్రవేత్తలే కావాలని పెట్టినవి, పరికరం సరిగ్గా కొలుస్తోందో లేదో సరిచూసుకోవడానికి. ఏ స్తంభం ఎవరి గొంతో ఆ గ్రాఫు పక్కనే వివరిస్తారు. రొదకు కూడా ఊరూ పేరూ ఉందని నాకు అర్థమైంది ఈ ఒక్క బొమ్మ చూశాకే.

మూడో మెట్టే అసలు పనితనం. దానిని వైటెనింగ్ అంటారు. సంతలో నిలబడ్డాం అనుకోండి. ఒక పక్క మైకు, ఒక పక్క లారీ హారన్, ఒక పక్క బేరాలు. దూరంగా ఒక పసిబిడ్డ ఏడుస్తోంది. ఏ గొంతు ఎంత పెద్దదో ముందే కొలిచి పెట్టుకుంటే, ఒక్కోదాన్ని సరిగ్గా అంత మేరకు తగ్గించి వినొచ్చు. అన్నీ సమానమయ్యాక, వాటిలో లేని కొత్త గొంతు ఏదైనా ఉంటే అది తేలి వస్తుంది. కోడ్ చేసేది అచ్చంగా ఇదే. డేటాను పౌనఃపున్యాలుగా విడదీస్తుంది, ఒక్కోదాన్నీ ఆ పౌనఃపున్యం దగ్గర కొలిచిన రొదతో భాగిస్తుంది, మళ్లీ కాలంలోకి కూర్చి తెస్తుంది. ఇన్ని మాటల్లో చెప్పింది కోడ్‌లో పట్టుమని పది లైన్లు కూడా కాదు. పైన ఒక చిన్న వ్యాఖ్య ఉంటుంది, ఏం చేస్తున్నారో, ఎక్కడ జాగ్రత్త పడాలో చెబుతూ. చర రాశుల పేర్లు చదివితే భాగహారం కళ్లకు కట్టినట్టుంటుంది. కోడ్ కూడా రచనే అనడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

నాలుగో మెట్టు: 20 హెర్ట్జ్‌కు దిగువా, 300 హెర్ట్జ్‌కు ఎగువా ఉన్నదంతా వడకట్టి పారేయడం. కృష్ణబిలాల తరంగం 35 హెర్ట్జ్ నుంచి 250 దాకా పైకి పాకుతుంది కాబట్టి ఈ హద్దులు. ఆ రెండంకెలూ కోడ్‌లో విడిగా, దిద్దుకోవడానికి వీలుగా రాసి ఉంటాయి. 300 తీసేసి 1000 పెట్టి నడిపితే తరంగం మీదికి రొద నురగలా కమ్ముకొస్తుంది. మళ్లీ 300 పెడితే తేటపడుతుంది. ఫిల్టరు హద్దు ఎందుకు ముఖ్యమో పాఠ్యపుస్తకం రెండు పేజీల్లో చెప్పినా ఇంత బాగా ఎక్కదు.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన లైను. తరంగం ముందు లివింగ్‌స్టన్‌ను తాకింది, సుమారు 7 మిల్లీసెకన్ల తర్వాత హాన్‌ఫర్డ్‌ను. పైగా రెండు పరికరాల చేతులు వేర్వేరు దిక్కులకు చాచి ఉన్నాయి కాబట్టి, ఒక చోట పైకి లేచిన గీత ఇంకో చోట కిందికి దిగుతుంది. రెంటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి పోల్చాలంటే ఒకదాన్ని జరపాలి, తిరగేయాలి. కోడ్‌లో ఈ రెండు పనులకూ ఒక్క లైను చాలింది. తిరగేయడానికి ముందు ఒక మైనస్ గుర్తు. జరపడానికి 0.007ను 4,096తో గుణించి, పూర్ణాంకం చేసి, అన్ని స్థానాలు జరపమనే ఆజ్ఞ. గుణిస్తే 28.67 వస్తుంది, పూర్ణాంకం చేస్తే 28. అంటే లివింగ్‌స్టన్ డేటాను ఇరవై ఎనిమిది అంకెలు ముందుకు తోస్తున్నాం. నిజానికి అది 6.84 మిల్లీసెకన్లు. పరిశోధన పత్రం ఇచ్చే కొలత 6.9. తేడా కొలతల్లో వచ్చే అనిశ్చితి లోపలే ఉంది.

ఆ జరపడంలో ఒక మెలిక ఉంది. ఆ ఆజ్ఞ అంకెలను జపమాలలో పూసల్లా తిప్పుతుంది. చివర్న పడిపోవలసిన 28 అంకెలు తిరిగి మొదట్లోకి వచ్చి చేరతాయి. అంటే డేటా మొదటి 7 మిల్లీసెకన్లు నిజం కావు. మనం చూసేది నడిమి సంగతి కాబట్టి, అంచు 16 సెకన్ల దూరంలో ఉంది కాబట్టి ఫరవాలేదు. వైటెనింగ్‌లోనూ అంచుల దగ్గర ఇలాంటి తేడాలే వస్తాయి. సంఘటనను నడిమిలో పెట్టి డేటా కత్తిరించడం ఎందుకంత ముఖ్యమన్నానో ఇప్పుడు తెలుస్తుంది. మంచి వడ్రంగి చెక్క కోసేటప్పుడు అంచున నాలుగంగుళాలు ఎక్కువే వదులుతాడు, చిట్లినా పని చెడకుండా. ఇక్కడి పనితనమూ అదే. కోడ్ కళ్లెదుట లేకపోతే ఈ 28 సంగతి ఎవరికీ తెలిసేది కాదు. పత్రం చదివితే 6.9 అని మాత్రమే తెలుస్తుంది.

ఆ లైను నడిపాక వచ్చే గ్రాఫు చూడాలి. సంఘటనకు సెకనులో పదో వంతు ముందు నుంచి, ఇరవయ్యో వంతు తర్వాత దాకా. ఎర్ర గీతా ఆకుపచ్చ గీతా ఒకదాని చేయి ఒకటి పట్టుకున్నట్టు కలిసి లేస్తాయి, కలిసి దిగుతాయి. వేగం పెరుగుతుంది, ఎత్తు పెరుగుతుంది, చటుక్కున ఆగిపోతుంది. ఆ రెంటి మీదుగా ఐన్‌స్టీన్ సమీకరణాల నుంచి వచ్చిన నల్ల గీత. మూడూ ఒకే దారి. మొదటి గ్రాఫులో ఏమీ లేని చోటే ఇది ఉండింది. మనం కొత్తగా చేర్చింది ఏమీ లేదు, తీసేసిందే ఉంది. తీసేసిన ప్రతిదీ ఎక్కడ, ఎలా తీశామో పైకి జరిపి చూసుకోవచ్చు. చేతి కంకణానికి అద్దమెందుకంటారే, అదీ సంగతి.

ఆఖర్న ఆ తరంగాన్ని శబ్దంగా మార్చి ఫైల్లోకి రాస్తారు. కింది పౌనఃపున్యాలు ల్యాప్‌టాప్ స్పీకర్లలో సరిగ్గా పలకవు కాబట్టి 400 హెర్ట్జ్ పైకి జరిపిన ఫైలు ఇంకొకటి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. కంటి రెప్ప పాటు పైకి లేచే చిన్న కూత. ఆ కూతలో మూడు సూర్యులు ఖర్చయ్యాయి.

ఇలాంటి పని చేయగల పనిముట్టు ఎక్కణ్ణించి వచ్చిందో కూడా చెప్పుకోవాలి. ప్రోగ్రామును మనిషి చదివే రచనలా రాయాలని డొనాల్డ్ నూత్ 1984లో వాదించారు. 1988లో మ్యాథమెటికా మొదటి నోట్‌బుక్‌లను తెచ్చింది, కానీ అది కొనుక్కోవలసిన సరుకు. 2001లో కొలరాడో విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తున్న కొలంబియా దేశస్థుడు ఫెర్నాండో పెరెజ్, డాక్టరేట్ పని పక్కన పెట్టి, 259 లైన్లతో ఐపైథాన్ అనే చిన్న ప్రోగ్రాము రాశారు. అది పదేళ్లు పెరిగి 2011లో బ్రౌజరులో తెరుచుకునే నోట్‌బుక్ అయింది. 2014లో పైథాన్‌కు మాత్రమే పరిమితం కాకుండా జూపిటర్‌గా మారింది. ఆ పేరులో జూలియా, పైథాన్, ఆర్ అనే మూడు భాషలున్నాయి. ఇంకో పెద్ద మనిషి కూడా ఉన్నాడు. 1610 జనవరిలో గెలీలియో దుర్భిణిలో గురుగ్రహం పక్కన చిన్న చుక్కలు చూసి, రాత్రి తర్వాత రాత్రి వాటి స్థానాలు కాగితం మీద గుర్తు పెట్టుకున్నాడు. అవి గ్రహం చుట్టూ తిరిగే చంద్రులని ఆ వరుసే అతనికి చెప్పింది. ఆ ఏడాదే అచ్చువేసిన పుస్తకంలో తన నిర్ణయం ఒక్కటే చెప్పి ఊరుకోలేదు, రాత్రుల వరుసంతా బొమ్మలతో సహా పెట్టాడు. జూపిటర్ అన్న పేరు ఆ నోటు పుస్తకాలకు నమస్కారం. లైగో నోట్‌బుక్ ఆ పేరును నిలబెట్టింది.

ఇంత మెచ్చుకున్నాక, పనిముట్టులో ఉన్న లోపం దాచడం న్యాయం కాదు. నోట్‌బుక్‌లో గడులను ఏ వరుసలోనైనా నడపొచ్చు. పదో గడి నడిపి, మూడో గడికి వెనక్కి వెళ్లి ఒక అంకె మార్చి, మళ్లీ తొమ్మిదో గడి నడిపితే, కనిపించే పేజీకీ కంప్యూటరు జ్ఞాపకంలో ఉన్నదానికీ పొంతన ఉండదు. నేనే దెబ్బతిన్నాను. వానల లెక్కల మీద నేను రాసుకున్న ఒక నోట్‌బుక్‌ను ఆరు నెలల తర్వాత తెరిచి మొదటి నుంచి నడిపితే నాలుగో గడి దగ్గరే ఆగిపోయింది. ఎప్పుడో చెరిపేసిన గడిలో పుట్టిన చర రాశి మీద అది ఆధారపడి ఉంది. గ్రాఫు మాత్రం పేజీలో నిక్షేపంగా మెరుస్తోంది. అది నా గ్రాఫే, కానీ ఎలా వచ్చిందో నేను కూడా చెప్పలేను. ఇంటర్‌లో జవాబుకు తగ్గట్టు రీడింగులు వేసిన ప్రాక్టికల్ రికార్డు గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ రోజు నుంచీ ఒక నియమం పెట్టుకున్నాను. ఎవరికైనా పంపే ముందు, వెనకనుండి కోడ్ నడిపే కెర్నల్‌ను కొత్తగా మొదలుపెట్టి, పై నుంచి కింది దాకా ఒక్క ఊపులో నడిపి, సాఫీగా సాగితేనే పంపుతాను.

ఇది నా ఒక్కడి బలహీనత కాదు. 2019లో ఒక పరిశోధక బృందం గిట్‌హబ్‌లో ఉన్న పది లక్షలకు పైగా నోట్‌బుక్‌లను సేకరించి, నడపదగ్గ వాటిని నడిపి చూసింది. తప్పు లేకుండా చివరిదాకా నడిచినవి 24 శాతం. పేజీలో ఉన్న ఫలితమే మళ్లీ వచ్చినవి 4 శాతం. వాడిన పనిముట్ల పేర్లు, వెర్షన్లు రాయకపోవడం, డేటా ఫైలు జతచేయకపోవడం, వరుస తప్పడం ప్రధాన కారణాలు. నోట్‌బుక్ వాడినంత మాత్రాన పని తిరిగి చేయదగ్గది కాదన్నమాట. రఫ్ పుస్తకాన్ని కూడా శ్రద్ధగా రాయాలి. కావలసిన వెర్షన్ల జాబితా పక్కన పెట్టాలి. డేటా చిన్నదైతే జతచేయాలి, పెద్దదైతే ఎక్కడుందో శాశ్వత చిరునామా ఇవ్వాలి. అవి ఉంటే బైండర్ వంటి సేవలు ఆ నోట్‌బుక్‌ను ఎవరి బ్రౌజరులోనైనా, ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే తెరిచి నడుపుతాయి. కాలం కూడా శత్రువే. లైగో నోట్‌బుక్ పుట్టిన రోజుల్లో పైథాన్ 2 ఇంకా వాడుకలో ఉంది. 2020 జనవరి 1తో దానికి మద్దతు ఆగిపోయింది. కోడ్‌ను తోటలా చూసుకోవాలి, నీళ్లు మానేస్తే ఎండుతుంది.

లైగో వాళ్లు తలుపు తెరిచి పెట్టిన ఫలితం ఊరికే మెప్పులతో ఆగలేదు. 2017లో కోపెన్‌హాగన్‌లోని నీల్స్ బోర్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు అదే బహిరంగ డేటాను తీసుకుని పెద్ద అనుమానం లేవదీశారు. తరంగాన్ని తీసేశాక మిగిలిన రొదలో కూడా రెండు పరికరాల మధ్య అదే 7 మిల్లీసెకన్ల తేడాతో పోలిక కనిపిస్తోందని వాళ్ల వాదన. అది నిజమైతే ఫలితానికే దెబ్బ. లైగో సభ్యుడొకరు దానికి జవాబుగా తన లెక్కను నోట్‌బుక్‌తో సహా బయటపెట్టారు. డేటా అంచులను మెల్లగా సున్నాకు దించకుండా పౌనఃపున్యాలుగా విడదీస్తే లేని పోలికలు పుడతాయని అందులో చేసి చూపించారు. తర్వాత జర్మనీ, అమెరికాలకు చెందిన నలుగురు పరిశోధకులు స్వతంత్రంగా ఆ మిగులు రొదను పరీక్షించి, చెప్పుకోదగ్గ పోలికేమీ లేదని తేల్చారు. వాళ్లూ తమ నోట్‌బుక్‌లను అందరికీ ఇచ్చారు.

ఆ గొడవలో ఎవరు గెలిచారన్నది నాకు రెండో సంగతి. వాదం జరిగిన తీరు ముఖ్యం. పాత రోజుల్లో అయితే ఇది పెద్దల మాటకూ పెద్దల మాటకూ పోటీ అయ్యేది. ఇక్కడ ఒకరు కోడ్ పెడితే ఇంకొకరు అందులో వేలు పెట్టి ఇదిగో ఈ మెట్టు అన్నారు. మూడోవాడు రెండూ తన కంప్యూటర్లో నడిపి చూసుకోగలిగాడు. అనుమానించిన వాళ్లకు డేటా ఇచ్చింది అనుమానానికి గురైన వాళ్లే. శాస్త్రంలో ఇంతకన్నా పెద్దమనిషి తరహా నాకు తెలియదు.

ఒక హద్దు కూడా చెప్పాలి. ఈ నోట్‌బుక్ పాఠం మాత్రమే. ఆ తరంగం కాకతాళీయం కాదని రుజువు చేసిన లెక్క దీనికన్నా చాలా పెద్దది. రెండు పరికరాలూ కలిసి పనిచేసిన 16 రోజుల డేటాను జల్లించి, రొద వల్ల అలాంటిది తగిలే అవకాశం 2 లక్షల ఏళ్లకు ఒకసారి కన్నా తక్కువని తేల్చిన లెక్క అది. దాన్ని కూడా మళ్లీ చేసి చూసిన వాళ్లున్నారు. 2021లో ఒక అమెరికన్ బృందం బహిరంగంగా ఉన్న కోడ్‌తో ముఖ్య ఫలితాన్ని తిరిగి రాబట్టింది. కానీ లైగో అప్పుడు వాడిన అసలు డేటా మొత్తం బహిరంగంగా లేనందువల్ల అంకెకు అంకె సరిపోయేలా చేయలేకపోయామని కూడా రాసింది. ఇంత శ్రద్ధగా తలుపులు తీసిన చోట కూడా ఒక గది మూసే ఉండిపోయింది. తలుపు తీయడం ఒక్క రోజుతో అయిపోయే పని కాదు.

మనకు ఈ పాఠం దూరపు కొండ కాదు. నాందేడ్ దాటితే హింగోలి జిల్లా, అక్కడి ఔంఢా దగ్గర లైగో-ఇండియా రాబోతోంది. 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 2,600 కోట్ల రూపాయలతో దానికి ఆమోదం తెలిపింది. ఒకప్పుడు హైదరాబాద్ సంస్థానంలో ఉన్న నేల అది. ఆ పరికరం మోగే రోజుకు దాని డేటా చదవగల పిల్లలు మన కాలేజీల్లో తయారై ఉండాలి. అందుకు పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. మామూలు ల్యాప్‌టాప్, ఒక మోస్తరు నెట్, ఒక సాయంత్రం చాలు. వరంగల్లులో బీఎస్సీ చదివే అమ్మాయి చేతిలో ఉండే అంకెలు, హాన్‌ఫర్డ్‌లో కూర్చున్న శాస్త్రవేత్త అదే క్షణానికి చూసే అంకెలు ఒకటే. భౌతికశాస్త్ర చరిత్రలో ఇలాంటి సమానత్వం చాలా అరుదు.

వాళ్లెవరైనా ఈ నోట్‌బుక్ తెరిస్తే నాదొక మనవి. పై నుంచి కింది దాకా సాఫీగా నడిపి, గ్రాఫు చూసి మురిసి మూసేయకండి. ఆ ఒక్క లైను దగ్గరికి వెనక్కి వెళ్లండి. మైనస్ గుర్తు తీసేసి నడపండి. ఎర్ర గీత పైకి లేచిన ప్రతిచోటా ఆకుపచ్చ గీత కిందికి దిగుతుంది, అద్దంలో బొమ్మలా. మైనస్ మళ్లీ పెట్టి, ఈసారి 0.007ను సున్నా చేయండి. రెండు గీతలూ అడుగు తప్పుతాయి. ఎన్ని అంకెలు జరిపితే అవి మళ్లీ కలుస్తాయో ఒక్కొక్కటే పెంచుతూ మీరే వెతకండి. ఇరవై ఎనిమిది దగ్గరికి వచ్చేసరికి, ఆ తరంగం లూయిజియానాను తాకడానికీ, వాషింగ్టన్ రాష్ట్రాన్ని తాకడానికీ మధ్య ఉన్న వ్యవధిని మీ చేత్తో మీరు కొలిచినట్టే. ఇక ఎవరైనా "స్టెప్సేవి?" అని అడిగితే, చూపించడానికి మీ దగ్గర ఉంటాయి.